పెరుగు తొడుక్కున్న పెళ్లి కోటు

మా చిన్నతనంలో వేసవి సెలవులంటే మిర్యాలగూడ ఎండలోంచి బయలుదేరి నిడమనూరులో అమ్మమ్మగారింటి ఎండలోకి పోవడం, అక్కడ మామిడిపండ్లు మెక్కి ఒంటినిండా సెగగడ్డలు తెచ్చుకుని మళ్లీ మిర్యాలగూడ ఎండలోకి రావడం, అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా వీధిలో రోళ్ల సంగతేమో గానీ, మధ్యాహ్నం కరెంటు పోయిందంటే మనుషుల ఓపిక మాత్రం ఠపీమని పగిలేది. చల్లదనమంటే సాయంత్రం డాబా మీద బకెట్లతో నీళ్లు చల్లి, ఆ తడి ఆరకముందే పక్కలు వేసుకోవడం. అందుకే, 'ఈసారి ఊటీ పోదాం' అని కోదాడ మామయ్య ప్రకటించినప్పుడు, చంద్రమండలానికి టికెట్లు దొరికాయన్నంత సంబరపడ్డాం.

కోదాడ మామయ్య అంటే మా మేనత్త భర్త. ఏ పనైనా మొదలుపెట్టేటప్పుడు ఆయనకున్న ధైర్యం సగానికి వచ్చేసరికి ఆవిరైపోయేది (అప్పుడు మా అత్త అందుకునేది). మంకీ క్యాపుల కోసం ఆయన మమ్మల్ని సూర్యాపేట తీసుకెళ్లాడు. మే నెల మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ ఉన్ని టోపీలడిగిన మమ్మల్ని దుకాణదారు ఎగాదిగా చూసి, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఆ తర్వాతే అటక మీంచి మూట దించాడు. మామయ్య తనకు మాత్రం ఏమీ కొనుక్కోలేదు. ఆయనకు పెళ్లి కోటు ఉంది. పెళ్లి నాడు ఒక పూట వేసుకున్నాక బీరువాలోనే ఉండిపోయిన ఆ ఊదారంగు ఉన్ని కోటుకు ఇన్నాళ్లకు తగిన ఊరు దొరికిందని ఆయన ఆనందం. నా ఆనందమంతా కొండ మీద నడిచే చిన్న రైలు గురించి. దాని కిటికీ పక్కన కూర్చుంటానని బడిలోనూ వీధిలోనూ చెప్పి వచ్చేశాను. ఎక్కకుండా తిరిగొస్తే తలెత్తుకు తిరగలేను.

చిక్కల్లా మా నాయనమ్మ. ఆవిడ బయటి తిండి ముట్టదు. పైగా అల్లుడితో నేరుగా మాట్లాడదు. అప్పట్లో మా ఇళ్లలో అత్తలు అల్లుళ్లతో ముఖాముఖి మాట్లాడేవారు కాదు. కొంగు తలమీదికి లాక్కుని, గోడకో, దూలానికో, పక్కనున్న పిల్లలకో చెబుతున్నట్టు చెప్పాల్సిందే. మా ఇంట్లో ఆ గోడను నేనే. "మీ మామయ్యకు సెప్పు బిడ్డా, వంట మనమే చేసుకోవాలె. స్టవ్వు, బియ్యం, పచ్చళ్లు నేను తెస్త. పెరుగుబువ్వ లేకుంటే నాకు తిన్నట్టే ఉండదు. తోడు గూడ తెస్త" అంది. మామయ్య నా పక్కనే ఉన్నాడు. అయినా నేను మొత్తం మళ్లీ చెప్పాను. ఆయన కూడా మొదటిసారి వింటున్నట్టే తలూపాడు.

అలా స్టీలు డబ్బాలో మిర్యాలగూడ పెరుగు రైల్లో కోయంబత్తూరు దాకా, అక్కణ్ణుంచి బస్సులో కొండ దాకా నాయనమ్మ ఒళ్లోనే ప్రయాణం చేసింది. వంటగది ఉన్న చిన్న ఇల్లొకటి కిరాయికి తీసుకున్నాం. వంట అమ్మా అత్తా అందుకుని, నాయనమ్మను హాయిగా కూర్చోమన్నారు. దిగిన రోజు సాయంత్రం ఆవిడ పాలు కాచి, గోరువెచ్చగా చేసి, ఎప్పటిలాగే చిటికెడు తోడు వేసి మూత పెట్టింది. ఎండాకాలం మా ఊళ్లో ఆ మాత్రం తోడు పడితే చాలు, పాలు రెండు గంటల్లో పెరుగై, మధ్యాహ్నానికి పుల్లబడి, సాయంత్రానికి మజ్జిగచారుకు తప్ప పనికిరాకుండా పోయేవి. ఊటీలో తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఇంకొంచెం తోడు వేసింది. మర్నాడూ అంతే. నాయనమ్మ గిన్నె పక్కకు వంచి చూసి, నిటారుగా పెట్టి చూసి, చివరికి ఘోరమైన అవమానం జరిగినట్టు పీట మీద కూలబడింది.

"ఇదేం ఊరు బిడ్డా, పాలు గూడ మాట ఇంటలేవు. మాపటి బువ్వకు పెరుగైతే ఉంట. కాకుంటే పొద్దుగాల నన్ను బస్సెక్కియ్యమను మీ నాయనను."

హోటల్ పెరుగు తెస్తానన్నాడు నాన్న. ఎవరు ఏ చేత్తో తోడేశారో తెలియని పెరుగు తనకు వద్దంది. "అమ్మనొక్కదాన్ని ఎట్ల పంపుత? పోతే అందరం పోవుడే" అని నాన్న కూడా తేల్చేశాడు. మర్నాడు పొద్దునే నా రైలు! నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తయ్యగారిని కంగారుపడమాకండని చెప్పమ్మా. సాయంత్రానికి పెరుగు కాకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు మామయ్య నాతో.

"ఇప్పటికే శానా పేర్లు మారినయి" అంది అత్త.

ఆరోజు చెరువులో పడవ షికారు మానుకుని అందరం పెరుగు పనిలో పడ్డాం. మామయ్య గిన్నె పట్టుకుని వాకిట్లో ఎండ ఎటు జరిగితే అటు జరిగాడు. ఆయన వెళ్లేసరికి మబ్బు వచ్చేది. లాభం లేదని స్టవ్వు పక్కన పెడితే పాలు కాస్తా విరిగిపోయాయి. అమ్మ వాటిలో చక్కెర కలిపి నాకు పెట్టింది (ఏడుస్తూనే తిన్నాను, బాగుంది). మళ్లీ పాలు తెచ్చి, కాచి, తోడేశాక మామయ్య ఒక్క క్షణం తటపటాయించి, కోటు విప్పాడు. గిన్నెకు కోటు చుట్టి గుండీలన్నీ పెట్టి, మూత మీద నా మంకీ క్యాపు తొడిగి, నాయనమ్మ మంచం మీద పడుకోబెట్టి, మెడదాకా రగ్గు కప్పాం. గిన్నె కదిలితే పెరుగు చెదిరిపోతుందని నాయనమ్మ ఆజ్ఞ. కాబట్టి మాటలు కూడా గుసగుసల్లోనే. మామయ్య లుంగీ మీద తువ్వాలు కప్పుకుని వణుకుతూ మంచం పక్కన కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంటి యజమాని, డెబ్బై ఏళ్ల పెద్దాయన, నీళ్లు వస్తున్నాయో లేదో కనుక్కోవడానికి తలుపు తోసుకుని వచ్చాడు. మంచం మీద ముసుగుతన్నిన ఆకారం, చుట్టూ దిగాలు మొహాలు, మూలన నా వెక్కిళ్లు. ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. "పెద్దమ్మగారికి జ్వరమా?" అని వచ్చీరాని తెలుగులో మెల్లగా అడిగాడు. అబద్ధమాడ్డం చేతగాని మా నాన్న, "కదిలియ్యొద్దన్నరు" అన్నాడు. అది నిజమే కదా. పెద్దాయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇంకేమీ అడక్కుండా వెళ్లి, వేడినీళ్లు నింపిన రబ్బరు సంచి తెచ్చి, కాళ్లుంటాయనుకున్న చోట రగ్గు కింద భక్తిగా పెట్టాడు. కాళ్లు తగల్లేదు. తడిమి చూస్తున్నంతలో వంటింట్లోంచి తోడు డబ్బా పట్టుకుని నాయనమ్మ వచ్చింది.

ఆయన ఆవిణ్ణి చూశాడు, మంచాన్ని చూశాడు. "మరి ఇక్కడ ఎవరు?"

"పెరుగు" అంది నాయనమ్మ.

మేమంతా తలలు దించుకున్నాం. ఆయన నవ్వలేదు. రగ్గు తీసి చూసి, సంచిని గిన్నెకు ఆనించి, కోటు మళ్లీ సర్ది, పసిబిడ్డకు కప్పినట్టు రగ్గు కప్పాడు. చల్లారినప్పుడల్లా నీళ్లు మార్చమని చెప్పి, గుమ్మం దాటాక నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు చాలాసేపు వినిపించింది.

దీపాలు పెట్టే వేళకు నాయనమ్మ గుండీలు ఒక్కొక్కటే విప్పింది. గిన్నె వంచింది. పెరుగు కదల్లేదు! గడ్డలా, మీగడ కట్టి, తెల్లగా నిలబడింది. అందరం అరిచాం. నాయనమ్మ మాత్రం అరవలేదు. కోటు దులిపి చేతిలో పట్టుకుని, నా వైపు కాదు, గోడ వైపు కాదు, సూటిగా అల్లుడి వైపు తిరిగింది. "సలికి వణుకుతున్నవ్ బిడ్డా. కోటు తొడుక్కో, జర" అంది.

మామయ్య కోటు తొడుక్కుని, ఏం చెయ్యాలో తోచక, పెళ్లినాటిలా వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు. ఆ రాత్రి మొదటి పెరుగుముద్ద ఇంటి యజమానికి వెళ్లింది. మర్నాడు చిన్న రైల్లో కిటికీ పక్క సీటు నాకే దొరికింది. నాయనమ్మ సొరంగం వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుంది.

ఎన్నో ఏళ్లు ఇది చెప్పుకుని ఆవిడ మొండితనానికి నవ్వుకున్నాం. ఇప్పుడనిపిస్తుంది, అది మొండితనం కాదేమో. ఇంట్లో తెల్లవారుజాము నుంచి ఒక్క క్షణం కూర్చోని మనిషిని కొండ మీదికి తీసుకెళ్లి, 'నువ్వేం చెయ్యకు, కూర్చో' అన్నాం. ఆవిడకంటూ మిగిలిన పని ఆ ఒక్క గిన్నె. అదీ ఆవిడ మాట వినలేదు. ఎంత బెంగపడి ఉంటుందో!

మొన్న వేసవిలో మా అమ్మాయి నన్నో కొండ ఊరికి తీసుకెళ్లింది. మంచి హోటల్, అడిగిందల్లా గదికే తెచ్చిస్తారు. "మమ్మీ, నువ్ ఏం చెయ్యకు, ఊకె కూసో" అంది. కూర్చున్నాను. ఒక రోజు బాగానే గడిచింది. రెండోరోజు అది స్నానం చేసి వచ్చేసరికి దుప్పట్లు మడతపెట్టి, టీకప్పులు కడిగి బోర్లించి, కర్టెన్‌కు ఊడిన కుట్టు వేస్తున్నాను. అది నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంటికి పోదమా?" అంది.

ఛ, అదేం మాట, ఇంత చల్లగా ఉంటే అన్నాను. అని, బస్సు ఎన్నింటికో అడిగాను.