గోడ మీద దోమ, ఒంటి మీద తెల్ల కోటు

సంత రోజు పొద్దున్నే రాజకుమారి తెల్ల కోటు తొడుక్కుని, ఆరోగ్య కేంద్రం గోడ మీద మనిషెత్తు దోమకు కాళ్లు వేస్తోంది.

ఆ కోటు విశాఖపట్నంలో డిగ్రీలో చేరినప్పుడు జువాలజీ ల్యాబు కోసం కొన్నది. జేబు మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్న రోల్ నంబరు ఇంకా చెరగలేదు. బట్టలకు రంగు అంటకుండా, ఈ గోడ బొమ్మల పనికి ఇప్పుడు దాన్నే వాడుతోంది.

హుకుంపేట అవతల కొండ మీది ఊరు ఆమెది. ఆ ఊళ్లో సైన్సు చదివిన మొదటి ఆడపిల్ల. రికార్డులో ఆమె గీసిన కప్ప గుండె చూసి, సగం క్లాసు తమ బొమ్మలు కూడా ఆమె చేతే గీయించుకుంది. అందరి రికార్డులకూ మార్కులు పడ్డాయి, ఆమె మాత్రం పరీక్ష తప్పింది. లెక్చరరు పిలిచి, "నీకు కప్ప అక్కర్లేదమ్మా, కప్ప బొమ్మ కావాలి. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్సు రాయి" అన్నాడు. రాసింది. నాలుగేళ్లు చిత్రకళ నేర్చుకుని పట్టా పుచ్చుకుంది.

ఆ సంగతి తండ్రి యర్రయ్యకు చెప్పింది. యర్రయ్య ఊరికి చెప్పలేదు. ఎవరడిగినా "మా గుంట పెద్ద చదువులో ఉంది" అనేవాడు. బైపీసీ చదివిన పిల్లకు పెద్ద చదువంటే డాక్టరు చదువేనని ఊరు నిశ్చయించుకుంది. సెలవులకు వెళ్తే "డాక్టరమ్మా" అని పిలిచేవారు. ఆమె తల వంచుకుని నవ్వేది. కాదన్న మాట ప్రతిసారీ నోటిదాకా వచ్చేది, ప్రతిసారీ మింగేసేది.

"ఓలమ్మో, మన డాక్టరమ్మే!"

వెనక్కి తిరిగితే గంగరాజు. ఊళ్లో తండ్రి పక్కింటి మనిషి, వరసకు మావ. అతని భుజానికి ఆనుకుని భార్య కనక, దుప్పటి కప్పుకుని.

"నీ అత్తకి నాలుగు రోజులై సలి జొరం. సంతకెలాగా దిగాలి కదాని ఇయ్యాల తీసుకొచ్చీసినాను. ఏటమ్మా, గోడలకి రంగులు కూడా డాక్టర్ల సేతే ఏయిత్తన్నారేటి?"

ఓపీ లైన్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్లలో సంతలో తనను ఎరిగిన ముఖాలున్నాయి. లోపలికి వెళ్లి చీటీ తీసుకోమని చెప్పాలి. అలా చెబితే, మరి నువ్వు డాక్టరువి కావా అని అడుగుతాడు. రాజకుమారి కుంచె వైపు చూస్తూ, "కూర్చోండి మావా, చూద్దాం" అంది.

గంగరాజు భార్యను వరండా చివర కూర్చోబెట్టాడు. చీటీ తీసుకోమని ఎవరో అంటే, "సీటీ మీకు. మనింటి పిల్లుండగా మాకెందుకు?" అన్నాడు.

ఆ మాట ఆమెకు వినబడింది. గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగి దోమ రెక్కల మీద మచ్చలు పెట్టింది. మలేరియా దోమ తోక పైకెత్తి ఏటవాలుగా వాలుతుందని చదువుకుంది. అలాగే వేసింది. ఎవరో ఒకరు వాళ్లను లోపలికి పిలుస్తారులే అనుకుంది. ఎవరూ పిలవలేదు.

లైను అయిపోయింది. డాక్టరు క్యాంపుకు వెళ్లడానికి జీపు తిప్పి పెట్టారు. గంగరాజు వచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, రంగు పని అయినాదా? నీ అత్త పలకటం నేదు."

కనక గోడకు ఒరిగిపోయి ఉంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. రాజకుమారి కుంచె డబ్బాలో పడేసి జీపుకు అడ్డంగా పరుగెత్తింది.

కనకను మంచం మీదికి చేర్చారు. నర్సు హారిక వేలు గుచ్చి రక్తం తీసింది. మలేరియా. సెలైన్ పెడుతూ హారిక గట్టిగానే అంది:

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉండి ఇప్పుడా చూపించడం?"

"మా డాక్టరమ్మ సూద్దామంది కదా" అని గంగరాజు రాజకుమారిని చూపించాడు.

హారిక ఆమె కోటు వైపు చూసింది.

"నేను డాక్టర్ని కాదు మావా" అంది రాజకుమారి. "ఆ చదువు నేను చదవలేదు. బొమ్మలు వేస్తాను. అదే నేర్చుకున్నాను."

"మీ అయ్యకి తెలుసా?"

"తెలుసు."

గంగరాజు కాసేపు సెలైన్ చుక్కలు చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

"మరి ఆ కోటెందుకేసినావు, గుంటా?" అన్నాడు చివరికి.

రంగు అంటకుండా అని చెప్పాలి. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. అక్కడే కోటు విప్పి చేతిలో ఉండచుట్టుకుంది.

సాయంత్రం కనకను అంబులెన్సులో అరకు ఆసుపత్రికి పంపారు. రాజకుమారి తండ్రికి ఫోన్ చేసింది.

"అయ్యా, గంగరాజు మావకి చెప్పేశాను."

"ఏటని?"

"బొమ్మలేస్తానని."

"రేపు నాను ఊర్లో ఏటని సెప్పాల?" అన్నాడు యర్రయ్య.

"అదే చెప్పు."

ఫోన్ పెట్టేశాడు.

కనక అరకులో ఐదు రోజులుండి, నయమై ఊరికి వెళ్లింది. అంబులెన్సు వెళ్లిన మర్నాడే రాజకుమారి కోటు లేకుండా పనిలోకి వచ్చింది. గోడ మీద ఇంకా మూడు బొమ్మలు వేయాల్సి ఉంది.