ఇల్లుబండిలో భోగ్ నిప్పులు

మా అత్తగారు మోతీబాయిని ఇక బండి ఎక్కనివ్వనని నా భర్త కల్యాణ్ భూపాలపల్లి దవాఖానలో చెప్పినప్పుడు, నర్సు ఆమె కుడిచేతికి కట్టు కడుతోంది. చెయ్యి కాలినందుకు ఉఫ్ అనని మనిషి ఆ మాటకు కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా తండాలో అందరూ అంటారు. నిజమే. ఆ పూట మాత్రం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నా కూతురి చెప్పుల మీద విసుక్కున్నాను.

అసలు సంగతి మొదటి నుంచి చెబుతాను. మాది దేవరుప్పుల దగ్గరి తండా. ఇంట్లో మాట్లాడుకునేది లంబాడి. మీకు తెలియాలని మావాళ్ల మాటలు కూడా ఇక్కడి తెలుగులోనే చెబుతున్నాను. మేం అమ్మను యాడి అంటాం. కల్యాణ్‌కు ఆమె యాడి, నాకూ యాడి, తొర్రూరు బస్టాండులో చాయ్ పోసే ఆయనకు కూడా యాడే.

యాడి పుట్టింది ఇంట్లో కాదు. ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి పోతున్న లారీలో, ఖాళీ గోనెసంచుల మీద పుట్టింది. తరువాత కూడా ఆమె బతుకు దారిలోనే గడిచింది. మిరప ఏరడానికి ఒక ఊరు, పత్తి తీయడానికి ఇంకో ఊరు, గోడల పనికి హైదరాబాదు. ఎక్కడ దిగినా ముందు మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసేది. పొయ్యి రాజుకుంటే ఆమెకు అదే ఇల్లు. మా మామ టీక్యా పోయాక తండాలో కుదురుగా ఉండమంటే ఆమెకు నిద్రే పట్టేది కాదు. "కింద చక్రం తిరగకుంటె నాకు నిద్ర రాదే దీపా" అనేది. అంత మొండిమనిషి అలా అంటుంటే నాకు జాలేసేది.

అందుకే కల్యాణ్ పాత డీసీఎం వ్యాను కొని ఇల్లుబండి చేస్తానన్నప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది యాడి. వెనక డబ్బాలో చెక్క మంచాలు, పరుపులు, ఫ్యాను, గ్యాసు పొయ్యి, కిటికీకి పరదా. కుటుంబాలను కాళేశ్వరం, రామప్ప తిప్పాలని, దారిలో యాడి వండిపెట్టాలని ఆయన ఆలోచన. "వంట నాది, స్టీరింగు నీది, నోరు దీపది" అని యాడి పనులు పంచింది. నేను ఊరుకుంటానా! "నోరు ఎవలదో తండా తండాకంత తెలుసు" అన్నాను.

మొదటి ప్రయాణం భూపాలపల్లికి. అక్కడ కంపెనీ కార్టర్లలో ఉండే గట్టయ్య, ఆయన భార్య చిలుకమ్మ కాళేశ్వరం పోవడానికి మా బండి మాట్లాడుకున్నారు. గట్టయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. బయలుదేరే రోజు పొద్దున్నే యాడి బండికి పసుపు రాసి బొట్లు పెట్టింది. తలుపు పక్కన తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండరును కూడా వదల్లేదు. దానికీ బొట్టు, దానికీ దండ. పిన్నుకు ఎర్రదారం చుట్టి గట్టిగా ముళ్లు వేసింది. ఆ తరువాత డబ్బా లోపల భోగ్ చేస్తానంది.

భోగ్ అంటే నిప్పుల మీద నెయ్యి, బెల్లపన్నం వేసి, మా గురువు సేవాలాల్ మహరాజ్‌నూ అమ్మవారు మేరామ యాడినీ తలుచుకుని మొక్కడం. కల్యాణ్ నసిగాడు. "జర బయట చేస్తె అయితది గద యాడీ?"

"కొత్తింటి భోగ్ ఇంటి బయట చేస్తరారా?" అంది. ఇనుప పళ్లెంలో నిప్పులు పోసి ఆమె కళ్లు మూసుకుని మొక్కుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకూ అది మా ఇల్లే అనిపించింది. భోగ్ నిప్పు మీద నీళ్లు కుమ్మరించకూడదని, అది తనంతట తానే చల్లారాలని యాడి నమ్మకం. అందుకని పైన బూడిద కప్పి, పళ్లేన్ని మంచం కిందికి జరిపింది. మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు. తండాలో ఎన్ని భోగ్‌లు చూశాం! మట్టి నేల మీద ఆ నిప్పులు వాటిపాటికవే చల్లారిపోయేవి. బండి గుంతల్లో ఎగురుతుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

నేనూ కల్యాణ్ ముందు క్యాబిన్లో కూర్చున్నాం. యాడి, మా నాలుగేళ్ల చాందీ వెనక డబ్బాలో ఉన్నారు. పరకాల దాటాక వెనక నుంచి టంగుటంగుమని పళ్లెం మోత వినిపించింది. ప్రయాణంలో పళ్లెం మీద తాళం వేస్తూ పాట అందుకోవడం యాడికి అలవాటు. కల్యాణ్ మా క్యాబిన్లో పాటలు ఇంకాస్త పెంచి, "యాడి మంచి జోష్ మీదున్నది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె పళ్లెం కొడుతున్నది మమ్మల్ని పిలవడానికని మాకు తెలియలేదు. అంతలో మోటారుసైకిల్ మీద ఒకాయన మమ్మల్ని దాటుకొచ్చి చెయ్యి ఊపుతూ అరిచాడు. "అన్నా, ఆపు! ఎనక పొగ!"

డబ్బా తలుపుకు గడియ బయట మాత్రమే ఉంది. లోపలున్నవాళ్లు తీసుకునే వీలే లేదు. కల్యాణ్ దాన్ని లాగేసరికి పొగ మా ముఖాల మీద కొట్టింది. ముందు చాందీ వచ్చింది, తడిపిన దుప్పట్లో, యాడి చేతుల మీద. పిల్లను గుండెకు హత్తుకుని "యాడీ, దూకు!" అని అరిచాను. ఆమె దూకలేదు. పరుపు మండుతోంది, దాని పక్కనే గ్యాసు సిలిండరు. వట్టి చేతులతో ఆ పరుపును తలుపు దాకా ఈడ్చి, రోడ్డు మీదికి తోసి, అప్పుడు దూకింది. కల్యాణ్ ఎర్ర సిలిండరు అందుకున్నాడు కానీ పిన్నుకు కట్టిన దారం ఊడి రాలేదు. పళ్లతో కొరికినా రాలేదు. చివరికి ఆ మోటారుసైకిల్ ఆయన, మేమూ కలిసి రోడ్డు పక్కన మట్టి ఎత్తిపోసి మంట ఆర్పాం.

"నా నిప్పే. బూడిద కిందికెల్లి లేచింది" అంది యాడి. ఎవరూ అడగకముందే.

పిల్లకేమీ కాలేదని దవాఖానలో చెప్పారు. కల్యాణ్ ఆ మాట అన్నది అప్పుడే. "ఇగ నువ్వు తండల్నే ఉండు యాడీ. బండి ఎక్కద్దు."

గట్టయ్య దవాఖానకు వచ్చి మమ్మల్ని తన కార్టరుకు తీసుకుపోయాడు. చిలుకమ్మ అన్నం వడ్డించింది. యాడి ముద్ద ముట్టలేదు. "నాలుగు గోడల నడుమ కూసోవెట్టి సంపుతవారా నన్ను?" అంది కొడుకుతో.

"నిన్ను సంపుకోవద్దనే అంటున్న" అన్నాడు ఆయన.

ఇక నేను ఆగలేదు. "గడియ బయట పెట్టిచ్చింది ఎవలు? పిన్నుకు దారం కడ్తుంటె సూసుకుంట నిలవడ్డది ఎవలు? అందరం కలిసి చేసిన పనికి యాడి ఒక్కతే దిగిపోవాల్నా?"

"గవన్ని బాగ చేపిస్త దీపా. గడియ లోపల పెట్టిస్త. గ్యాసుకు బయట డబ్బా చేపిస్త. మరి భోగ్? రేపు మల్ల లోపల్నే చేస్త అంటది. నిప్పు మీద నీళ్లు పొయ్యది. నేను యాడికి అడ్డం చెప్పలేను. చెప్పలేకనే గద గిట్లయింది!"

గట్టయ్య అంతసేపూ విని, యాడి వైపు తిరిగాడు.

"అక్కా, మా బాయికాడ దిగేముందు జేబులు తడిమేటోళ్లు. బీడీలు, అగ్గిపెట్టె అన్ని మీదనే ఇడిసిపోవాలె. మాలో దేవునికి మొక్కనోడు ఎవడుండె? మీదనే అగరవత్తి ముట్టిచ్చి మొక్కి దిగేటోళ్లం. కిందికి అగ్గి తేవొద్దని దేవునికి తెల్వదా?"

యాడి ఎడమచేత్తో అన్నం కలుపుకుంది.

బండి షెడ్డులో బాగయ్యే దాకా ఆ కార్టరులోనే ఉన్నాం. కల్యాణ్ అన్నంత పనీ చేయించాడు. క్యాబిన్‌కూ వెనక డబ్బాకూ మధ్య ఒక కిటికీ కూడా కోయించాడు. కాళేశ్వరం బయలుదేరే పొద్దున మాత్రం నాతో మెల్లగా, "యాడిని, పిల్లను తీస్కొని బస్సుల తండాకు పో" అన్నాడు. నేను పోనని చెప్పేలోపే యాడి వాకిట్లోకి వచ్చింది.

బండి ముందు, మట్టి నేల మీద, పళ్లెంలో నిప్పులు పెట్టుకుంది. నెయ్యి, బెల్లపన్నం వేసింది. మొక్కింది. ఆ తరువాత చెంబు ఎత్తింది. "నీ మీద పోస్తలేను తల్లీ మేరామా. నా పిల్ల పరుపు మీద పోస్తున్న అనుకో" అని, ఆ నిప్పుల మీద నీళ్లు కుమ్మరించింది. సుయ్యిమని ఆవిరి లేచింది. కల్యాణ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఆమె మాత్రం అక్కడితో ఆగలేదు. బండి మెట్టు దగ్గర నిలబడి చాందీని పిలిచింది. "దా బిడ్డా, ముందుగాల నన్ను తడుము." పిల్ల నవ్వుతూ నాయనమ్మ నడుముకున్న సంచిలో చెయ్యి పెట్టి వక్కలు, ఆకులు, అడుగున దాక్కున్న అగ్గిపెట్టె బయటికి తీసింది. యాడి ఆ అగ్గిపెట్టెను కార్టరు గోడ మీద పెట్టింది. తరువాత గట్టయ్య జేబులు చూసింది, ఆయన బుద్ధిగా చేతులు పైకెత్తాడు. చివరికి కొడుకు వంతు. చొక్కా జేబులో బీడీకట్ట దొరికింది.

"గిదేందిరా? బంద్ చేసిన అన్నవ్ గద దీపకు!"

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. కార్టర్లన్నీ విన్నాయి. కల్యాణ్ ఆ బీడీకట్టను తనే తీసుకెళ్లి అగ్గిపెట్టె పక్కన పెట్టాడు. తిరిగొచ్చి, కట్టు కట్టిన ఆ చెయ్యి నొప్పెట్టకుండా యాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కు యాడీ. ఇగ ఈ మెట్టు నీదే" అన్నాడు.

బండి కదిలింది. కల్యాణ్ పాటలు పెట్టలేదు. కార్టర్ల మలుపు తిరగకముందే కొత్త కిటికీలోంచి యాడి గురక వినిపించింది.