దోనె వెనక్కి తిప్పిన రోజు

నా చిన్నప్పుడు మాది కొల్లేటి మధ్య ఒక లంక ఊరు. ఏ అవసరం వచ్చినా దోనెలో ఆకివీడు వెళ్ళాల్సిందే. మా చెల్లికి అప్పుడప్పుడు మూర్ఛ వచ్చేది. అమ్మ తన చేతి తాళాలగుత్తి చెల్లి చేతిలో పెట్టేది. కాసేపటికి గుత్తి గలగల ఆగేది, చెల్లి లేచి మంచినీళ్ళు అడిగేది. మా ఇంట్లో మూర్ఛ గురించి తెలిసింది అంతే. కొట్టుకోవడం ఆగితే జబ్బు ఆగినట్టే.

ఆ రోజు పొద్దున వచ్చిన మూర్ఛ ఎంతసేపటికీ ఆగలేదు. నాన్న చెల్లిని దోనెలో పడుకోబెట్టి గెడ అందుకున్నాడు. అమ్మా నేనూ ఎక్కాం. సగం దూరం వెళ్ళేసరికి కాళ్ళూ చేతులూ కుదుటపడ్డాయి. కళ్ళు తెరిచే ఉంది. "తగ్గిపోయిందే, ఇంటికి పోదాం" అని నాన్న దోనె వెనక్కి తిప్పాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక చెల్లి గోడకు ఆనుకుని ఎటో చూస్తూ కూర్చుంది. పెదవి కొస సన్నగా అదురుతోంది. పరికిణీ అంచు నలుపుతూనే ఉంది. పిల్ల అలిసిపోయిందనుకున్నాం. దీపాలు పెట్టేవేళకి మళ్ళీ కొట్టుకోవడం మొదలైంది.

ఈసారి దోనె తిప్పకుండా ఆకివీడు చేరాం. అక్కడ డాక్టరమ్మగారు సూది వేసి ఆ కొట్టుకోవడం ఆపారు. తర్వాత చెల్లిని పేరు పెట్టి పిలిచారు. మళ్ళీ పిలిచారు. చెల్లి పలకలేదు.

"మధ్యలో ఆగిందండీ, అందుకే తిప్పేశానండీ" అని నాన్న అదే మాట చెబుతూ నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు. నన్ను వరండాలో పక్కన కూర్చోబెట్టుకున్నారు, ఇంట్లో ఒకరికైనా తెలియాలని కాబోలు. ఆగని మూర్ఛలన్నీ ఒకటి కావట. ఒళ్ళంతా కొట్టుకునేది అందరికీ కనబడుతుంది. ఒక చెయ్యో మూతో మాత్రమే అదిరేది ఇంకొకటి, అందులో ఒక్కోసారి తెలివి కూడా ఉంటుంది. మరొకటి ఒళ్ళు కదలకపోయినా మెదడులో నడుస్తూనే ఉంటుంది, మనిషి ఊరికే చూస్తూ ఉండిపోతాడు.

"ఒళ్ళు ఆగిందని నమ్మొద్దమ్మా. పేరు పెట్టి పిలు. ఎంతకీ పలక్కపోతే ఇక్కడికి తెచ్చెయ్యండి" అన్నారు.

చెల్లి ఇంటికొచ్చింది గానీ మా చెల్లిగా రాలేదు. పెడితే తినేది, పిలిస్తే తిరిగి చూసేది కాదు. వానలు వెలిసేలోపే పోయింది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే నాన్న కాస్త తేలికపడేవాడేమో. ఆ తర్వాత ఆయన దోనె ముట్టుకోలేదు.

ఇప్పుడు రోడ్లున్నాయి, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. మూర్ఛ అయిదు నిమిషాలు దాటితే ఆలస్యం చెయ్యకూడదని చిన్నపిల్లలు కూడా చెబుతున్నారు. అప్పుడు మాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఇంట్లో ఎవరైనా పరధ్యానంగా కూర్చుంటే ఈనాటికీ పేరు పెట్టి పిలుస్తాను, పలికేదాకా వదలను. విసుక్కుంటారు, విసుక్కోనీ. మనవరాలికి మా చెల్లి పేరు పెడదామంటే మాత్రం వద్దన్నాను. ఆ పేరు నేను పిలవలేను.