మామిడి కొత్త కాకముందు

నా చిన్నప్పుడు నాకు తెలుగు రావడం కన్నా జ్వరం రావడమే తేలిక. పాడేరుకు పైనున్న మా కొండ ఊరి నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేరిన మొదట్లో, తరగతిలో నేను నోరు తెరిచింది ఆవులించడానికే. నా ధైర్యం గురించి రాయాలంటే అరపేజీ చాలు, అందులోనూ సగం మార్జినే.

వేసవి మొదలవుతుండగా ఒకనాడు మా సైన్సు మాస్టారు సంబరంగా ఒక కబురు చెప్పారు. మైదానం నుంచి వచ్చిన మంచి మనిషాయన. మర్నాడు రుచుల పాఠమట. బుట్టెడు మామిడికాయలు తెస్తారట, అందరూ ఉప్పూకారం అద్దుకుని కొరికి రుచి చెప్పాలట. తినని వాళ్లకు సున్నా. పిల్లలు కేరింతలు కొడతారనుకున్నారు పాపం. అందరి తలలూ పుస్తకాల్లోకి దూరిపోయాయి.

మా కొండల్లో చెట్టు నిండా కాయలున్నా, ఊరంతా కలిసి అమ్మవారికి పెట్టి 'కొత్త' పండుగ చేసుకునేదాకా ఎవరూ నోట పెట్టరు. ముందే తింటే ఇంట్లో మనిషిని పులి పట్టుకుపోతుందని మా అవ్వ చెప్పేది. మా ఊళ్లో మామిడి కొత్త ఇంకా కాలేదు. అమ్మకేమో నెలలు నిండాయి. అయినా కట్టెలకు అడవిలోకి వెళ్లేది తనే. ఇక్కడ నేను కాయ కొరకడం, అక్కడ పులి అమ్మ మీదికి దూకడం... కళ్లు మూసినా అదే, తెరిచినా అదే.

సాయంత్రం బడి వదిలాక, ఎవరూ తిట్టని చోటు కదా అని లైబ్రరీలో బీరువా వెనక నక్కాను. లైబ్రరీ అక్కది విజయనగరం వైపు. ఏ మాస్టారు రేపేం చెబుతారో ముందే కనుక్కుని, తగిన పుస్తకాలు తీసి పెట్టడం ఆవిడ అలవాటు. ఆ రోజు రుచుల పాఠానికి పుస్తకం వెతకబోతే నేను దొరికాను.

"ఏటే గుంటా, జొరమా? అలా వణికిపోతన్నావేటి?"

సగం మా భాషలో, సగం తెలుగులో, మొత్తం ఏడుపులో అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మరి తేనె తినొచ్చా? సింతపండో?" అని అడిగింది. తినొచ్చన్నాను. మరి ఎండు పిప్పళ్లో, చేదు నేలవేము ఆకో అని మళ్లీ అడిగింది. వాటి జోలికి పులి రాదన్నాను.

వెంటనే నా చెయ్యి పట్టుకుని మాస్టారి గదికి నడిచింది. పులి నుంచి తప్పించి మాస్టారికి అప్పగిస్తోందనుకున్నాను.

అక్క చెప్పింది విని మాస్టారు విసుక్కున్నారు. "ఇలాంటివి నమ్మి పాఠం ఆపేత్తామేటమ్మా?"

"ఆపొద్దు మాస్టారూ, జరపండి. మావిడికాయని మాత్రం ఆళ్ల పండగ అవతలికి జరపండి."

ఆయన నా వైపు తిరిగి, ఇంకెవరికైనా ఈ భయం ఉందా అన్నారు. అందరికీ అన్నాను. మాస్టారు తను రాసుకున్న పాఠం కాగితం తీసి అడ్డంగా కొట్టేశారు. తర్వాత ఇద్దరూ కూర్చుని పాఠం మొదటి నుంచి మళ్లీ రాసుకున్నారు.

అయినా మర్నాడు బల్ల మీద మామిడికాయల బుట్ట కనిపించేసరికి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పెద్దవాళ్లు మాట మార్చారనుకున్నాను. మాస్టారు బుట్ట తీసుకెళ్లి పక్క గదిలో పెట్టి వచ్చారు. "మీ కొత్త అయ్యాక ఈ రుచి ఏటో మీరే నాకు చెప్పాల. అందాకా నేనూ ముట్టను" అన్నారు. లైబ్రరీ అక్క ఆకు పొట్లాలు విప్పింది. నా వంతుకు పిప్పలి వచ్చింది. కొరికీ కొరకగానే "మంట!" అని అరిచాను. తరగతిలో నేను పలికిన మొదటి తెలుగు మాట అదే. అక్క పుస్తకంలో పిప్పలి తీగ బొమ్మ చూపిస్తే, అది మా పెరట్లోదేనని రెండో మాటా చెప్పాను.

కొత్త పండుగకు ఇంటికెళితే అమ్మ ఒళ్లో తమ్ముడున్నాడు. మొదటి మామిడి ముక్క అమ్మే నా నోట్లో పెట్టింది. కళ్లలో నీళ్లొచ్చాయి. పులుపుకే అని చెప్పాను.

తర్వాత నేనూ టీచర్నయ్యాను. రాసుకున్న ప్రతి పాఠాన్నీ లైబ్రరీకి పట్టుకెళ్లి, అక్కడి లైబ్రేరియన్ పక్కన కూర్చుని చూపించేదాన్ని. ఇప్పుడు కుర్ర టీచర్లు పాఠం ఫోన్లో పంపి ఎలా ఉందని అడిగితే, నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇందులో పిల్లలు దేనికి జడుస్తారో ఎవరినైనా అడిగారా అని. చాదస్తం అనుకుంటారేమోనని కాస్త సిగ్గేస్తుంది. కానీ అడగకపోతే భయమేస్తుంది.