పనికొస్తుంది

మహాసామ్రాజ్యాల పుట్టుక గురించి పండితులు కొట్టుకుంటారు గానీ, ఫ్యాన్ల మెకానిక్ ఇంట్లో పాత సామాన్ల సామ్రాజ్యం ఎప్పుడు పుట్టిందో ఆయన భార్యకి బాగా గుర్తు. పెళ్లైన కొత్తలో ఒక ఉదయం ఆయన వంగిపోయిన మేకుని పారెయ్యబోయి, ఆగి, చొక్కా జేబులో వేసుకున్నాడు. "పనికొస్తుంది," అన్నాడు. ఆ రాజముద్ర పడిన వస్తువేదీ మళ్లీ గడప దాటలేదు. కాలిన మోటార్లు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, చెక్కముక్కలు ముందు వరండాని జయించి, వంటింటి మూలని సామంతరాజ్యం చేసుకుని, చివరికి మంచం కిందికి దండెత్తాయి.

"మంచం కింద ఏమున్నాయో మీకైనా తెలుసా?" అనేది భార్య.

"అవసరం పడ్డప్పుడు తెలుస్తుందిలేవే."

ఇంతలో వాళ్ల చిన్నారి కూతురికి పొట్ట ముందుకొచ్చింది. మొదట నవ్వి, బొజ్జమ్మ అని ముద్దుపేరు పెట్టారు. తర్వాత కాళ్ల నొప్పులొచ్చి పిల్ల మెట్లెక్కడం మానేసింది. ఆ పేరు ఇంట్లో వినపడటం మానేసింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద ఒక గుండ్రం గీసింది.

"ఇది కణం అనుకోండి. లోపల ఎవరి పని వారిది. మైటోకాండ్రియా శక్తినిస్తుంది. రైబోజోములు ప్రోటీన్లు తయారుచేస్తాయి. ఈ చిన్న సంచి లైసోజోమ్. వాడేసినవాటిని, పాడైనవాటిని ఎంజైములతో విడగొట్టేది ఇదే. పాపకి అందులో ఒక ఎంజైము తయారవడం లేదు. దాంతో ఒకరకం కొవ్వు కణాల్లోనే పేరుకుపోతోంది. కాలేయం, ప్లీహం ఉబ్బింది అందుకే."

"పోవాల్సింది పోకుండా లోపలే ఉండిపోతోంది," అన్నాడు మెకానిక్, దొంగసొత్తుతో దొరికిపోయినవాడిలా.

"అంతే. పుట్టుకతో వచ్చింది. మీ ఇద్దరి దగ్గర్నుంచీ చెరో లోపమున్న జన్యువు అందింది."

"మందు?"

"ఇలాంటి జబ్బులు కొన్నిటికి ఆ ఎంజైమునే ఎక్కిస్తాం. ఈ రకానికి ఇంకా రాలేదండీ."

బస్సులో భార్య అంది, "చెరోటీ అని చెప్పిందిగా డాక్టరమ్మ. మొత్తం మీరొక్కరే నెత్తినేసుకోకండి."

ఆయన వినలేదు. మర్నాడు పొద్దున్నే పాత ఇనుప సామాన్లవాణ్ణి పిలిచాడు.

"మీరా పిలిచింది?" అన్నాడు వాడు నమ్మలేక. "ఒంట్లో బాగానే ఉందా సార్?"

వరండా ఖాళీ అయింది. వంటింటి మూల ఖాళీ అయింది. మంచం కింద నుంచి ఒక్కొక్కటీ బయటికొస్తుంటే భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"పిల్ల ఒంట్లోదానికీ, దీనికీ సంబంధమేంటండీ?"

"ఏం లేదు. నాకూ తెలుసు."

"మరి?"

"ఇంకేం చెయ్యమంటావు, చెప్పు!"

గడప మీద కూర్చున్న కూతురు బండి నిండటం చూస్తోంది. "నాన్నా, నా పొట్టలోది కూడా ఈ మామయ్య పట్టుకెళ్తాడా?"

ఇనుప సామాన్లవాడు తూకం ఆపేశాడు.

పొట్ట తగ్గలేదు. పైగా వెల్లకిలా పడుకుంటే పిల్లకి ఆయాసం. మళ్లీ వెళ్తే డాక్టరమ్మ పరీక్షచేసి, ప్రస్తుతానికి తల కాస్త ఎత్తులో ఉంచమంది. "పెద్ద ఖర్చేం కాదు. తలవైపు మంచం కోళ్ల కింద ఒక్కో చెక్కముక్క పెట్టండి చాలు."

మెకానిక్ ఇంటికొచ్చి, మోకాళ్ల మీద వంగి మంచం కిందికి చూశాడు. నేల తళతళలాడుతోంది. వరండాలో చూశాడు, వంటింటి మూల చూశాడు.

ఇంట్లో ఒక్క చెక్కముక్క లేదు.