నీళ్ళలో దిగే పర్మిషన్

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో చేపలు పట్టేవాళ్ళను కాగితం చూపమని ఎవరూ అడిగేవారు కాదు. అలాగని ఎవరు పడితే వారు పట్టేవారూ కాదు. చేప పిల్లలు పోసేది మత్స్యకారుల సంఘం వాళ్ళు కాబట్టి వలలు వాళ్ళవి. ఇంటి కూర కోసం కట్ట మీద కూర్చుని గాలం వేసుకునేవాళ్ళు మాత్రం సంఘం పెద్దమనిషికి ఒక మాట చెప్పి వేసుకునేవారు. ఆ మాటే లైసెన్సు.

మా మేనత్త అలా మాట చెప్పి గాలం వేసేది. కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో ఎర్రలు, చేతిలో సన్నని వెదురు కర్ర. పని తీరిన మధ్యాహ్నాల్లో కట్ట మీది రాతి మీద కూర్చునేది, పక్కన నేను. ఆమె పాదాలు ఎప్పుడూ పొడిగానే ఉండేవి. అందిన చేప అందింది, అందనిది పోయింది. దాని కోసం నీళ్ళలోకి ఒక్క అడుగు వేయగా నేను చూడలేదు.

నేను చెప్పబోయే రోజు, డైరీ రాయడం మొదలుపెట్టక ముందటిది. అందుకే తేదీ చెప్పలేను. చాలా ఏళ్ళు ఎండిపోయి ఉన్న చెరువు మళ్ళీ నిండిన సంవత్సరమని, ఆదివారమని మాత్రం తెలుసు. ఆదివారం అనడానికి కారణం, పట్నంలో ఫ్యాక్టరీలో పనిచేసే మా చిన్నాన్న ఆ రోజు వచ్చాడు.

చిన్నాన్న పెరిగినన్నాళ్ళూ చెరువులో నీళ్ళు లేవు. అతనికీ అతని ఈడు వాళ్ళకూ చెరువంటే ఆట స్థలం. నెర్రెలు విచ్చిన ఆ నేల మీదే చిర్రగోనె ఆడారు, అక్కడే తుమ్మచెట్ల కింద మేకలు కాశారు. ఆ నేలలో ప్రతి మూల అతనికి తెలుసు. ఈత మాత్రం రాదు. ఎక్కడ నేర్చుకుంటాడు?

ఆ రోజు చిన్నాన్న చక్రం ఉన్న గాలపు కర్ర ఒకటి తెచ్చాడు. అది అతనిది కాదు, ఫ్యాక్టరీలో వాళ్ళ సార్‌ది. దారం చివర ఎర్ర ఉండదు, చేప ఆకారంలో మెరిసే రేకు ఉంటుంది. దాన్ని చూస్తూ నేను మిగతా గాలాలన్నీ మరిచిపోయాను. చిన్నాన్న పొద్దున్నే సంఘం పెద్దమనిషి దగ్గరికి పోయి మాట కూడా తీసుకొచ్చాడు. రెండోసారో మూడోసారో విసిరినప్పుడు ఆ రేకు చేప నీళ్ళలో మునిగి ఉన్న తుమ్మకొమ్మకు చిక్కుకుంది. ఎంత లాగినా రాలేదు.

"దారం కోసెయ్యిరా" అంది అత్త.

"కోస్తె రేపు సార్‌కు ఏం చూపియ్యాలె? పోయి తీసుకొస్త, గంతే" అంటూ అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు.

అత్త గాలం కింద పెట్టేసింది. "వద్దు తమ్మీ. లోపల ఎట్లున్నదో ఏమో."

"నాకు జెప్తున్నవా అక్కా? గా తుమ్మచెట్టు కాన్నే మేం చిర్రగోనె ఆడినం. కండ్లు మూసుకోని పోత. మోకాళ్ళ దాక గూడ ఉండయి నీళ్ళు."

ఆమె బతిమాలింది, తిట్టింది. చిన్నాన్న నవ్వాడు. అతని ఒక పాదం అప్పటికే నీళ్ళలో ఉంది. అత్త ముఖం నాకు బాగా గుర్తుంది. అరవబోయి ఆగిపోయింది. తర్వాత గాలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, బెండు వైపు చూస్తూ, మామూలు గొంతుతో అంది.

"సరె దిగు. పర్మిషన్ ఉన్నదా మరి?"

"పొద్దుగాలనే అడిగొచ్చిన గద."

"గది చేపలకు. నీళ్ళల్ల దిగుడుకు వేరే. తూము కాడ నీరటి ఇస్తడు. కొత్తగ పెట్టిండ్రు."

చిన్నాన్న పాదం వెనక్కి వచ్చింది. ఫ్యాక్టరీలో అతను పాసు లేకుండా గేటు దాటడు. లోపలికొకటి, బయటికొకటి, సామానుకొకటి. నీళ్ళకు జంకని మనిషి ఆ మాటకు ఆగాడు. "గిదేం లొల్లి అక్కా" అని గొణుక్కుంటూ చెప్పులు తొడుక్కున్నాడు.

అతను కట్ట ఎక్కుతుండగా అత్త నా జబ్బ పట్టుకుని చెవిలో చెప్పింది. "ఉరుకు. నీరటి తాతకు చెప్పు, అత్త పంపిందని. వీనికి ఈత రాదు, సంఘమోళ్ళ తెప్పలొచ్చే దాక ఆపుమను."

నీరటి అంటే తూము తెరిచి, మూసి, పొలాలకు నీళ్ళు పంచే మనిషి. నేను ఉరికి, రొప్పుతూ, ఆ మాట అప్పజెప్పాను. ముసలాయన చుట్ట నోట్లోంచి తీయకుండానే విన్నాడు. వెనకే వచ్చిన చిన్నాన్న అడిగితే, ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నట్టు తల ఊపాడు.

"దిగొచ్చు. ఎందుకు దిగొద్దు? చేతిల గడ ఉన్నదా?"

"లేదు."

"గడ ఉండాలె. ముందుగాల గడ పోవాలె, ఎనుక కాలు పోవాలె. గదీ రూలు."

చిన్నాన్న కదలబోయాడు. "ఆగు, అయిపోలే" అన్నాడు నీరటి. నడుముకు మోకు కట్టుకోవాలి, ఆ కొస కట్ట మీది మనిషి పట్టుకోవాలి. మళ్ళీ కదిలితే మళ్ళీ పిలిచాడు. ప్యాంటుతో దిగొద్దు, తడిస్తే బరువు, పంచె కట్టుకోవాలి. పంచె కోసం ఇంటికి పోవాలా అని చిన్నాన్న తల పట్టుకుంటే, "పో, ఫికర్ లేదు, చెరువు ఏడికి పోదు. సూర్యుడు ఎదురుంగ ఉన్నప్పుడు గూడ దిగొద్దు, జర కిందికి దిగనియ్యి" అన్నాడు. ఒక్కో షరతూ అప్పటికప్పుడు పుడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. నవ్వు వస్తోంది, భయమూ వేస్తోంది. చిన్నాన్న విసుక్కున్నాడు కానీ, ఒక్కటి కూడా కాదనలేదు.

అన్నీ సమకూర్చుకుని వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. తెప్పలు ఇంకా రాలేదు. ఇక ఆపడానికి అత్త దగ్గర ఏమీ మిగలలేదు. మోకు ముడి తానే బిగించి, కొస తన చేతికి రెండు చుట్లు చుట్టుకుని, నన్ను కూడా పట్టుకోమంది.

చిన్నాన్న రూలు ప్రకారమే దిగాడు. ముందు గడ, వెనక కాలు. పిక్కల దాకా వచ్చాయి నీళ్ళు, తర్వాత మోకాళ్ళ దాకా. వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు నవ్వాడు. మళ్ళీ గడ ముందుకు వేశాడు. అది ఆగలేదు. అతని చెయ్యి మోచేతి దాకా మునిగింది, గడ చేయి జారింది, ఒళ్ళు ముందుకు తూగింది. అత్త మోకు లాగింది, నేనూ లాగాను. అతను వెనక్కి నీళ్ళలో కూలబడ్డాడు. మునిగిన గడ కొంచెం అవతల పైకి తేలి, మెల్లగా కొట్టుకుపోయింది. దాన్ని చూస్తూ అతను నడుముకున్న మోకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"గీడ గుంత లేకుండె గదక్కా" అన్నాడు.

"ఎండకాలం ఊరోళ్ళందరు ఒండ్రు తోలుకపోయిండ్రు గదరా పొలాలకు. మన బండి గూడ పోయింది. ఏడేడ తవ్విండ్రో ఎవరికి తెలుసు? నాకు తెల్వదు. తెల్వదు గనుకనే నేను దిగ."

తెప్పలు వచ్చాయి. సంఘం మనిషి ఒకడు తుమ్మకొమ్మ వంచి, రేకు చేపను విడిపించి ఇచ్చాడు. తాను తప్పేమీ చేయలేదని చెప్పుకోవాలనుకున్నాడో ఏమో, చిన్నాన్న అతనితో, "నీరటిని అడిగే దిగిన అన్నా, పర్మిషన్ తీసుకున్న" అన్నాడు. ఆ మనిషి "గదెప్పటి సంది?" అనబోయి, అత్త చూపు చూసి మాట మార్చాడు. "అవ్ అవ్. కొత్తగ పెట్టిండ్రు" అని తెప్ప తిప్పుకుని పోయాడు.

ఆ తర్వాత చిన్నాన్న గాలం వేయడానికి ఎప్పుడు వచ్చినా తూము దాకా పోయి నీరటిని అడిగేవాడు. నీరటి కొన్నిసార్లు సరే అనేవాడు, కొన్నిసార్లు వద్దనేవాడు. అలాంటి రూలు ఏదీ లేదని చిన్నాన్నకు ఎప్పటికైనా తెలిసిందో లేదో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఉద్యోగంలో నేను ఎన్నో నిబంధనల మధ్య పనిచేశాను. అర్థం లేనిదిగా కనిపించిన నిబంధన ఎదురైనప్పుడల్లా, ఇది ఎవరు ఎవరి కోసం భయపడి పెట్టారో అని ఒకసారి ఆలోచించే అలవాటు నాకు ఆ సాయంత్రమే వచ్చింది. అన్నిటి వెనకా మా అత్త ఉండదు. కొన్నిటి వెనక ఉంటుంది.

ఈమధ్య చెరువు మళ్ళీ నిండింది. మళ్ళీ చాలా ఏళ్ళ ఎండ తర్వాతే. ఆదివారాలు పట్నం నుంచి కుర్రాళ్ళు బైకుల మీద, చక్రాల గాలాలతో వస్తారు. లైసెన్సు కావాలని ఒకడు, కట్ట మీది నుంచి వేస్తే అక్కర్లేదని ఒకడు, ఫోన్‌లో వేరేలా ఉందని ఇంకొకడు. కట్ట మీద నడిచే ముసలిదాన్ని నేనే కనిపిస్తాను కాబట్టి నన్ను అడుగుతారు. చేపల సంగతి సంఘం వాళ్ళను అడగమని చెబుతాను, అది నిజం. వాళ్ళలో ఎవరైనా ప్యాంటు మడుస్తుంటే ఇంకొక మాట కూడా చెబుతాను.

"అది చేపలకు బాబూ. నీళ్ళల్ల దిగుడుకు వేరే పర్మిషన్ ఉన్నది."

"ఎవరిస్తరాంటీ?"

"తూము కాడ నీరటి."

వాళ్ళు చెప్పులు తొడుక్కుని అటు వెళతారు. తూము దగ్గర ఇప్పుడు ఎవరూ ఉండరు. వాళ్ళు అటూ ఇటూ చూస్తారు, గట్టిగా పిలుస్తారు, కాసేపు వేచి ఉంటారు. నేను నా నడక పూర్తి చేసుకుంటూ, వాళ్ళ పాదాలు పొడిగా ఉన్నాయో లేదో దూరం నుంచి చూసుకుంటాను.