రెండు సీట్ల కారు

ఆయన పేరు నేను అడగలేదు. మా మేనల్లుడు అడిగే ఉంటాడు.

వాడి స్పోర్ట్స్ కారుకు కొత్త ట్యాంకు, పెద్ద పంపు నేనే దగ్గరుండి పెట్టించాను. అప్పటి నుంచి కాస్త దూరం పోగానే ఆగిపోయేది. పంపు పోసే పెట్రోలు ఎంత, ఇంజను తాగేది ఎంత అని మళ్లీ మళ్లీ లెక్క కట్టాను. లెక్కలో లోటు లేదు. ఆ రోజు పెబ్బేరు సంత దగ్గర కూడా ఆగింది.

పశువులు అడ్డం రావడంతో గద్వాల బస్సు మా వెనకే నిలిచింది. అందులోంచి నా ఈడు మనిషి ఒకాయన దిగి, "ట్యాంకు మూత తీసి చూసిన్రా?" అన్నాడు.

"పెట్రోలు నిండుగనే ఉంది," అన్నాను.

ఆయన మూత తిప్పగానే గాలి సుయ్యిమని లోపలికి పోయింది. "గాలి వచ్చే తొవ్వ మూసుకపోయింది. ఇగ పంపు ఎంత గుంజినా పెట్రోలు రాదు," అన్నాడు. కారు వెంటనే స్టార్టయింది.

మేనల్లుడు ఆయన చెయ్యి వదల్లేదు. "సార్, గద్వాల దాంక నాతోని రాండ్రి. మళ్ల ఆగితే మీరుంటరు." తర్వాత నా వైపు తిరిగి, "మామా, నువ్వు జర బస్సుల రారాదు?" అన్నాడు.

బస్సులో ఆయన లేచిన సీటే దొరికింది. గద్వాల దాకా ప్రతి మలుపులోనూ, ఆ కారు రోడ్డు పక్కన ఆగి కనిపించాలని చూస్తూనే ఉన్నాను.